బేస్ రికార్డింగ్ గురించి అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

నిన్న పంపిన బేస్ గిటార్ ట్రాక్ విన్నానురా, చెయ్యి బాగా తిరిగింది, కానీ ఆంప్ (గిటార్ శబ్దం పెంచే స్పీకర్ పెట్టె) ముందు మైకు ఒక్కటే పెట్టి రికార్డ్ చేశావు కదా, ఆ గుబగుబ ఇప్పుడు మిక్స్‌లో పోవాలంటే మళ్ళీ వాయించడం తప్ప దారి లేదు. అందుకే ఇకనుంచి ఎప్పుడు వాయించినా రెండు ట్రాకులు తీసుకో, ఒకటి ఆంప్‌ది, ఒకటి డైరెక్ట్‌గా గిటార్ నుంచి వచ్చేది. డైరెక్ట్ ట్రాక్ ఉంటే తర్వాత రీఆంప్ బాక్స్ (రికార్డైన సిగ్నల్‌ని మళ్ళీ ఆంప్‌కి సరిపోయేలా మార్చే పెట్టె) పెట్టి ఏ ఆంప్‌లోకైనా పంపి మళ్ళీ మైకుతో పట్టుకోవచ్చు.

సిగ్నల్‌ని రెండుగా చీల్చే వై కేబుల్‌తో పని కానిచ్చేద్దాం అనుకోకు. రెండు ఇన్‌పుట్‌ల లోడూ పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) మీద పడి ట్రెబుల్ చచ్చిపోతుంది, పైగా ఆంప్ ఎర్తూ కంప్యూటర్ ఎర్తూ కలిసి హమ్, అదే గుయ్‌మనే శబ్దం, మొదలవుతుంది. డీఐ బాక్స్ కొనుక్కో, గిటార్ సిగ్నల్‌ని మైక్ ఇన్‌పుట్‌కి సరిపోయేలా మార్చే చిన్న పెట్టె అది. నీ బేస్‌లో బ్యాటరీ లేదు కాబట్టి పికప్ మీద లోడ్ పడకుండా యాక్టివ్‌ది (కరెంటుతో నడిచేది), ఇన్‌పుట్ 1 మెగాఓమ్ ఉన్నది తీసుకో, కంప్యూటర్‌కి కలిపే రికార్డింగ్ పెట్టె ఉంది కదా, ఆ ఇంటర్‌ఫేస్‌లో 48 వోల్టుల ఫాంటమ్ (మైక్ కేబుల్‌లోనే వచ్చే కరెంటు) ఆన్ చేస్తే నడుస్తుంది. గిటార్ కేబుల్ డీఐలోకి, దాని థ్రూ సాకెట్ (సిగ్నల్‌ని మార్చకుండా బయటికిచ్చేది) నుంచి ఆంప్‌కి, ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైక్ సాకెట్) నుంచి ఇంటర్‌ఫేస్ మైక్ ఇన్‌పుట్‌కి, అంతే. పెడల్స్ ఉంటే థ్రూ తర్వాతే పెట్టు, డైరెక్ట్ ట్రాక్ శుభ్రంగా ఉండాలి.

ఇంకా హమ్ వస్తే డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ (ఎర్త్ కలయికని తెంచే స్విచ్) నొక్కు, కొన్ని బాక్సులు అది నొక్కగానే ఫాంటమ్ అందక ఆగిపోతాయి, అప్పుడు లోపల బ్యాటరీ వేసుకో. అంతేగానీ ఆంప్ ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం పీకొద్దురా, నీకు దణ్ణం పెడతాను. పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో వాయించే రోజుల్లో మావాడొకడు హమ్ పోతుందని అలాగే పీకేశాడు, నా చెయ్యి స్ట్రింగ్స్ మీద ఉండగా పెదవి మైకుకి తగిలింది, ఆ షాక్‌కి వెనక్కి పడ్డాను, ప్రాణం పోవాల్సింది.

ఇక అందరూ వదిలేసేది ఫేజ్, అంటే రెండు ట్రాకుల అలలూ ఒకేసారి లేచి పడుతున్నాయా లేదా అన్నది. డైరెక్ట్ సిగ్నల్ వెంటనే వచ్చేస్తుంది, మైకు దగ్గరికి గాలిలో రావాలి కదా, స్పీకర్‌కి 30 సెంటీమీటర్ల దూరంలో మైకు ఉంటే 0.9 మిల్లీసెకన్లు ఆలస్యం, అంటే సెకనుకి 48 వేల శాంపిల్స్ తీసే 48 కిలోహెర్ట్జ్ రికార్డింగ్‌లో 42 శాంపిల్స్. రెండూ కలిపితే 570 హెర్ట్జ్ చుట్టూ గొయ్యి పడి బేస్ బోలుగా వినిపిస్తుంది. మైకుని గ్రిల్‌కి దగ్గరగా పెట్టు, కోన్ మధ్యలో కాకుండా కొంచెం పక్కకి. రికార్డ్ అయ్యాక మొదటి నోట్ దగ్గర జూమ్ చేసి రెండు వేవ్‌లూ పక్కపక్కన చూడు, ఒకటి పైకి లేస్తుంటే ఇంకోటి కిందకి పోతోందంటే పోలారిటీ బటన్ (వేవ్‌ని తలకిందులు చేసేది) నొక్కు, వెనకబడినదాన్ని కొద్దిగా ముందుకి జరుపు, చివరికి మాత్రం చెవినే నమ్ము, ఏ పొజిషన్‌లో కింది స్వరాలు గట్టిగా నిలబడ్డాయో అదే ఉంచు.

రికార్డింగ్ లెవెల్ మీటర్ మీద మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర పీక్ అయితే చాలు. ఆదివారం ఒక నిమిషం వాయించి రెండు ట్రాకులూ కలపకుండా విడివిడిగా పంపు, విని రాత్రికి ఫోన్ చేస్తా.

మీ మావయ్య