అక్కకి చెప్పని సంగతి

చిన్నా,

నువ్వు కారుని కిందికి దించడానికి లోయరింగ్ స్ప్రింగులు, అంటే పొట్టి స్ప్రింగులు వేయిస్తున్నావని, సంక్రాంతికి అమ్మాయినీ పాపనీ అందులోనే హైదరాబాద్ తీసుకెళ్తావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "నీ పిచ్చి వీడికీ అంటుకుంది" అని నన్నే తిట్టింది. లోపల కాస్త గర్వంగానే అనిపించింది కానీ, రాత్రి నిద్ర పట్టలేదు.

టైర్లలో గాలి సరిచూసుకో. అరిగిన షాక్ అబ్జార్బర్ల మీద పొట్టి స్ప్రింగులు వేయించకు. కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌లు, స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే టై రాడ్ల ఎండ్‌లు లూజుగా ఉంటే ముందు వాటిని మార్పించు. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియనిది ఒకటుంది. 1998లో, నీకు మూడేళ్లప్పుడు, బెంగళూరు జేసీ రోడ్డు సందులో ఒకతని చేత నా కారు స్ప్రింగులు ఒక చుట్టు కోయించాను. కారు నేలకి ఆనుకుని పులిలా కూర్చుంది. అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయించడం, చేయించుకోమని అతనే చెప్పాడు పాపం. ఊరెళ్లొచ్చాక చూద్దాంలే అన్నాను.

కారు కిందికి దిగితే చక్రాల కోణాలు కదులుతాయిరా. పైభాగం లోపలికి వాలుతుంది, అది క్యాంబర్. టై రాడ్ వాలు మారి టో కూడా తప్పుతుంది, అంటే చక్రాలు తిన్నగా ముందుకి చూడవు. నా కారు ముందు చక్రాలు రెండూ చెరో పక్కకి చూస్తున్నాయి. ఊళ్లో నలభైలో నాకేం తెలియలేదు. దేవనహళ్లి దాటి తొంభై అందుకున్నాక స్టీరింగ్ నిలవదే! చిన్న గతుకు తగిలితే ఎడమకి, సర్దితే కుడికి. ఇప్పటి ఎన్‌హెచ్ 44 అప్పుడు ఎన్‌హెచ్ 7, రెండు లైన్ల రోడ్డు. బాగేపల్లి దాటాక ఎదురుగా లారీ దూసుకుపోయింది. ఆ విసురుకి కారు మట్టిలోకి దిగిపోయింది. ఎలా పైకి తెచ్చానో నాకే తెలియదు. వెనక మీ అమ్మ, ఒళ్లో నిద్రపోతూ నువ్వు.

"ఏమైందిరా?" అంది.

"గాలక్కా" అన్నాను.

తిరిగొచ్చాక టైరు మీద అరచేయి అడ్డంగా రాసి చూశాను. ఒకవైపుకి నున్నగా జారింది, రెండోవైపుకి రంపంలా గీసుకుంది. టో తప్పిందని చెప్పే ఈ పరీక్ష నువ్వూ నేర్చుకో.

కోసిన స్ప్రింగులు వేస్తానన్నవాడి గడప తొక్కకు. బుష్ బోల్టుల చివరి బిగింపు కారు బరువు చక్రాల మీద పడ్డాకే జరగాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి ఉండిపోతుంది. అలైన్‌మెంట్ అదే రోజు చేయించు, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి స్ప్రింగులు కుదురుకున్నాక ఇంకోసారి. అలైన్‌మెంట్ మెషిన్ స్క్రీన్ మీద పచ్చరంగు కనబడగానే డబ్బులిచ్చేయకు, వెనక చక్రాల అంకెలు కూడా అడుగు. అవి తేడాగా ఉంటే ముందెంత దిద్దినా కారు వంకరగానే నడుస్తుంది. స్టీరింగ్ వణుకుతోందంటే అది చాలాసార్లు బ్యాలెన్సింగ్ గొడవ, అంటే చక్రం బరువు చుట్టూ సమంగా లేకపోవడం, దాన్ని దీంతో కలపకు.

అసలు ఈ బెంగళూరు హంపుల మీద కారు కిందికి దించే సరదా ఏమిట్రా నీకు? సరే, ఆ మాట నేననకూడదు.

శనివారం పొద్దున్నే మల్లేశ్వరం వచ్చెయ్. దేవనహళ్లి దాకా వెళ్లొద్దాం. నడిపేది నువ్వే. నేను వెనక, పాప కూర్చునే చోట కూర్చుంటాను. గాలి సంగతి మాత్రం మీ అమ్మ దగ్గర ఎత్తకు.

మామయ్య