చేపపిల్ల కదలకుండా ఉంటే కుదురుకున్నట్టు కాదు

చెరువులో వదిలినప్పుడు బాగానే ఉన్న చేపపిల్లలు రెండు మూడు రోజులకి చచ్చి తేలుతున్నాయి, చేపకి కూడా టెన్షన్ ఉంటుందా అని అడిగారు. ఉంటుందండి. నరసన్నపేట వైపు మా ఊరి చెరువులోకి వంశధార కాలువ నీళ్లు చేరాక ఏటా బొచ్చె, శీలావతి పిల్లలు వేస్తుంటాం. చదివినదీ గట్టు మీద చూసినదీ కలిపి చెబుతాను.

వల తగలగానే చేప ఒంట్లో ముందు అడ్రినలిన్ అనే హార్మోన్ లేస్తుంది. అది త్వరగానే సర్దుకుంటుంది. అసలు దెబ్బ దాని వెనక వస్తుంది. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లో, ప్రీఆప్టిక్ అనే చోట ఉన్న నాడీకణాలు సీఆర్‌హెచ్ అనే హార్మోన్ వదులుతాయి. దాంతో మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి రక్తంలోకి ఏసీటీహెచ్ అనే ఇంకో హార్మోన్ పంపుతుంది. అప్పుడు కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ తయారవుతుంది. మనకి ఈ పని మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు చేస్తాయి. చేపకి ఆ గ్రంథి విడిగా లేదు. పెద్ద బొచ్చెని కోసినప్పుడు తల వెనక, వెన్నుముల్లుని అంటుకుని ముదురు ఎరుపు మెత్తటి ముద్ద కనిపిస్తుంది చూడండి. రక్తపు గడ్డ అనుకుని గోకి పారేస్తాం. అది మూత్రపిండం ముందు భాగం. కార్టిసాల్ చేసే కణాలు అందులోనే కలిసి ఉంటాయి.

కార్టిసాల్ పెరగడానికి నిమిషాలు చాలు, దిగడానికి గంటలు పడుతుంది. పెరిగిన కార్టిసాలే మళ్లీ మెదడుకి చేరి సీఆర్‌హెచ్‌ని తగ్గిస్తుంది. బ్రేకు అదే. కానీ వల, సంచి, ఆటో కుదుపులు, ఎండ, కొత్త నీళ్లు వరసగా మీద పడితే ఆ బ్రేకు పడే సందుండదు. చేప మేత ముట్టదు, రోగాన్ని తట్టుకునే శక్తి పోతుంది. ఆ తర్వాతే ఒంటి మీద దూదిలాంటి బూజు కనిపిస్తుంది.

నన్ను బాగా ఆలోచింపజేసింది ఇంకొకటి ఉంది. 2019లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు జీబ్రాఫిష్ పిల్లలకి తప్పించుకోలేని చిన్న షాకులు ఇచ్చి చూశారు. బొచ్చె, శీలావతి లాంటి మన కార్పు చేపలకి జీబ్రాఫిష్ చుట్టమే. అవి మొదట గట్టిగా ఈదాయి, పోనుపోను ఈదడం మానేసి ఊరుకున్నాయి. ఆ సమయంలో మెదడులో హాబెన్యులా అనే చిన్న భాగంలో చురుకు పెరుగుతూ వచ్చింది. దాన్ని అణిస్తే చేపలు అంత తొందరగా చేతులెత్తేయలేదు. అంటే ఆ ఊరుకోవడం నెమ్మదించడం కాదు, మెదడు ఇక లాభం లేదని తేల్చుకోవడం. అందుకే సంచి అడుగున కదలని పిల్లని చూసి ‘కుదురుకుంది’ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మొప్పల కప్పులు చూడండి. గబగబా కొట్టుకుంటుంటే అది ఇంకా గండంలోనే ఉంది.

గీరుకుపోయిన పిల్లల్ని సంచిలో పెట్టనివ్వకండి. ఈ జాతి చేపల చర్మం చిట్లితే నీళ్లలోకి ఒక పదార్థం వస్తుంది, దాని వాసనకి మిగతావన్నీ బెదురుతాయి. జంతుశాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్ దీన్ని 1938లోనే గుర్తించారు.

ఇక చేయాల్సింది. తెచ్చే ముందు రోజు పిల్లల్ని మేత లేకుండా హాపాలో, అంటే నీళ్లలో కట్టే వల తొట్టిలో, ఉంచమని అమ్మేవాళ్లని అడగండి. కడుపు ఖాళీ అవుతుంది, ఇరుకు కూడా కొంత అలవాటవుతుంది. తెల్లవారుజామునే తెచ్చుకోండి. సంచి మూతి విప్పకుండా పావుగంట, ఇరవై నిమిషాలు చెరువు నీళ్ల మీద తేల్చి, తర్వాత చెరువు నీళ్లు కొద్దికొద్దిగా పోసి, వాటంతట అవే బయటికి పోయేలా వంచండి. ఎన్ని బతికాయో చూద్దామని మర్నాడే వల వేయకండి, నాలుగైదు రోజులు వదిలేయండి. మీరు ఎంత దూరం నుంచి తెస్తున్నారో, సంచికి ఎన్ని పెడుతున్నారో రాస్తే అది కూడా చూసి చెబుతాను.