సైబీరియా నదుల్లో నీరు పెరగడానికి నేలలోని మంచు కరగడమే కారణమా?

కాదు. సైబీరియా నదుల నుంచి ఆర్కిటిక్ సముద్రాల్లోకి నీరు ఎక్కువైంది కాబట్టి అదంతా పెర్మాఫ్రాస్ట్ (ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉండే నేల) కరిగిన నీరే అయ్యుంటుందా అని అడిగారు. లెక్క కట్టి చూడండి.

ఆర్కిటిక్ వైపు పారే రష్యా పెద్ద నదులు ఆరు: యెనిసేయ్, లేనా, ఓబ్, కొలిమా, ఇంకా సైబీరియాకు పడమర ఐరోపా భాగంలోని పెచోరా, ఉత్తర ద్వినా. ఈ ఆరింటి వార్షిక ప్రవాహం 1936–1999 మధ్య సుమారు 7 శాతం పెరిగింది. చివరికొచ్చేసరికి ఏడాదికి 128 ఘనపు కిలోమీటర్లు అదనం, మన లెక్కలో 4,500 టీఎంసీలు. పెరుగుదల కొద్దికొద్దిగా వచ్చింది కాబట్టి అన్నేళ్లలో అదనంగా పారింది దాదాపు 4,000 ఘనపు కిలోమీటర్లు. ఆరు పరీవాహక ప్రాంతాల మీద పరిస్తే 40 సెంటీమీటర్లు దాటుతుంది. నేలలో పదో వంతు మంచు ఉందనుకున్నా, నాలుగు మీటర్ల మందాన ప్రతిచోటా కరగాలి. ద్వినా, ఓబ్ పరీవాహకాల్లో చాలాచోట్ల అలాంటి నేలే లేదు! ప్రధాన కారణం దక్షిణం నుంచి గాలులు మోసుకొచ్చే తేమ పెరగడమే. పెర్మాఫ్రాస్ట్ ప్రభావం శీతాకాలపు అడుగు ప్రవాహంలో (నేలలోంచి ఊరి నదిలోకి చేరే నీటిలో) కొంత ఉంటుంది, అంతవరకే.

శీతాకాలంలో ప్రవాహం పెరిగిన గ్రాఫులు చూపించి అదంతా పెర్మాఫ్రాస్ట్ వల్లేనని వాదించేవాళ్లతోనే నాకు పేచీ. యెనిసేయ్‌లో చలికాలపు నీరు పెరగడానికి ముఖ్య కారణం డ్యాములు. దాని ఉపనది అంగారా మీది బ్రాత్స్క్ జలాశయంలోనే 169 ఘనపు కిలోమీటర్లు పడతాయి. వేసవి వరదను ఆపి, కరెంటు కోసం చలికాలంలో వదులుతారు. క్రాస్నోయార్స్క్ డ్యామ్ దిగువన చాలా దూరం నది గడ్డే కట్టదు. పైగా 1961–67లో బ్రాత్స్క్ నిండుతున్నప్పుడు నీరు అక్కడే నిలిచిపోయింది. ఆ ఏళ్ల నుంచి గీత గీస్తే పెరుగుదల లేనిపోని ఎత్తుకు పోతుంది.

కొలతలోనూ చిక్కులున్నాయి. యెనిసేయ్‌కి ఇగార్కా, ఓబ్‌కి సలేఖార్డ్, లేనాకి క్యుస్యుర్ కొలిచే చోట్లు. మంచు కప్పినప్పుడు అడుగున నేల, పైన మంచు రెండూ నీటిని రాపిడితో పట్టి ఉంచుతాయి. అందుకే అదే ప్రవాహానికి మట్టం ఎక్కువ కనిపిస్తుంది. మట్టాన్ని బట్టి ప్రవాహం చెప్పే, మంచు లేనప్పటి పట్టికను చలికాలంలో వాడితే లేని నీరు లెక్కలోకి వస్తుంది. మంచుకు రంధ్రాలు వేసి, లోతును మంచు కింది అంచు నుంచి తీసుకుని, ఒక్కో రంధ్రంలో వేగం కొలిచి సవరించాలి. మంచు పగిలి కొట్టుకొచ్చే రోజుల్లో పరికరం దించడం కుదరదు, అప్పటి అంకెలు అంచనాలే. ఏడాది నీటిలో పెద్ద వాటా వచ్చేదీ దాదాపు అప్పుడే.

మీరే పోల్చాలనుకుంటే నెలవారీ అంకెలు వదిలి వార్షిక మొత్తాలు తీసుకోండి. 1936 నుంచి మొదలుపెట్టండి, జలాశయాలు నిండిన ఏళ్లను విడిగా గుర్తుపెట్టండి. డ్యాముల బెడద తక్కువున్న పెచోరా, ద్వినాల అంకెలతో పోల్చి చూడండి.