పాఠకుల ప్రశ్నలు: కుక్కపిల్ల రిజిస్ట్రేషన్ పత్రంలో రెండు ఆంక్షలు

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో ఉంటున్నాం. నిరుడు ఒక బ్రీడర్ (జాతి కుక్కలను ఈనించి పిల్లలను అమ్మే వ్యక్తి) దగ్గర లాబ్రడార్ ఆడ కుక్కపిల్లను కొన్నాం. జాతి కుక్కలను నమోదు చేసే ఇక్కడి కెన్నెల్ క్లబ్ నుంచి మా పేర వచ్చిన పత్రంలో, దీని సంతానాన్ని రిజిస్టర్ చేయబోరనీ, దీనికి ఎక్స్‌పోర్ట్ పెడిగ్రీ ఇవ్వబోరనీ రాసి ఉంది. త్వరలో హైదరాబాద్‌కు తిరిగి రావాలనుకుంటున్నాం. ఒక్క ఈత పిల్లలను తీయాలన్న కోరికా ఉంది. పూర్తి ధర చెల్లించి కొన్న కుక్కపై అమ్మినవారికి ఇంకా అధికారం ఉంటుందా? దాన్ని మాతో తెచ్చుకోలేమా?

జవాబు: కుక్క మీదే, దాన్ని మీతో తెచ్చుకోవచ్చు. మీరు చూసిన రెండు వాక్యాలను ఎండార్స్‌మెంట్లు అంటారు. అవి బ్రిటన్ చట్టం విధించినవి కావు. 1873లో లండన్‌లో ఏర్పడిన అక్కడి కెన్నెల్ క్లబ్ పద్ధతి ప్రకారం ఈత మొత్తాన్ని రిజిస్టర్ చేయించే బాధ్యత బ్రీడర్‌ది. ఆ సమయంలో తాను కోరిన పిల్లలపై ఈ ఆంక్షలు పెట్టించే వీలు కూడా ఆయనకు ఉంటుంది. వాటి వల్ల ఆగిపోయేవి క్లబ్ జారీ చేసే పత్రాలు మాత్రమే.

ప్రయాణం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే ఎక్స్‌పోర్ట్ పెడిగ్రీని ఎగుమతి అనుమతి అనుకొని కంగారుపడేవారు చాలామంది ఉన్నారు. అది విదేశీ క్లబ్బుకు చూపించడానికి ఇచ్చే వంశావళి పత్రం. కుక్కను విమానం ఎక్కించడానికి కావలసినవి వేరు: మైక్రోచిప్, రేబిస్ టీకా, బ్రిటన్‌లో అధికారిక పశువైద్యుడు ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం, భారత జంతు క్వారంటైన్ విభాగం ఇచ్చే నిరభ్యంతర పత్రం. పెంపుడు కుక్కల దిగుమతికి ఇండియాలో ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి కనుక, టికెట్లు కొనకముందే ఆ విభాగాన్ని సంప్రదించండి. పెంపుడు కుక్కలను దించుకునే వీలున్న విమానాశ్రయాల్లో శంషాబాద్ కూడా ఒకటి.

మరి మీకు కలిగే నష్టం ఏమిటి? చెన్నై కేంద్రంగా పనిచేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా, విదేశం నుంచి వచ్చిన కుక్కను తన పుస్తకాల్లోకి ఎక్కించుకోవడానికి ఎక్స్‌పోర్ట్ పెడిగ్రీ అడుగుతుంది. అది లేకపోతే మీ లాబ్రడార్ ఇక్కడ రిజిస్టర్ కాదు. రేపు దానికి పుట్టే పిల్లలకూ జాతి పత్రాలు దొరకవు. ఇంట్లో ప్రేమగా పెంచుకోవడానికి ఆ పత్రంతో పని లేదు. పిల్లలను తీయాలన్న ఆలోచన ఉన్నందువల్లనే మీకు ఈ రెండు ఆంక్షలూ అడ్డు.

ఆ ఆంక్షలను తొలగించమని బ్రిటన్ క్లబ్‌ను కోరవలసింది వాటిని పెట్టించిన బ్రీడరే. అయితే, కొన్నవారికి ఈ సంగతి ముందే తెలుసునని నిరూపించే సంతకం పిల్లను అప్పగించే రోజుకో అంతకు ముందో తీసుకొని ఉండాలన్నది క్లబ్ నియమం. అందుచేత మీ దగ్గరున్న కాగితాలన్నీ వెతికి, అమ్మకపు ఒప్పందంలో ఈ మాట ఉందేమో, దాని కింద మీ సంతకం ఉందేమో చూడండి. బ్రీడర్ అటువంటి కాగితం చూపలేకపోతే, ఆంక్షలు తీసివేయమని మీరే నేరుగా క్లబ్‌కు రాసుకోవచ్చు. సంతకం ఉంటే మాత్రం ఆయనతో మాట్లాడుకోవడమే దారి.

చాలామంది బ్రీడర్లు ఎండార్స్‌మెంట్‌ను శాశ్వతంగా ఉంచాలని పెట్టరు. కుక్క పెద్దదై పరీక్షల్లో నెగ్గితే తీసేస్తామని ఒప్పందంలోనే రాస్తారు. లాబ్రడార్లలో తుంటి కీలు, మోచేతి కీలు లోపాలు తరచుగా కనిపిస్తాయి కాబట్టి వాటి ఎక్స్‌రేలు, కళ్ల పరీక్ష, వంశపారంపర్య కంటి జబ్బుకు డీఎన్‌ఏ పరీక్ష అడగడం సబబే. బ్రిటిష్ పశువైద్య సంఘం, కెన్నెల్ క్లబ్ కలిసి నడిపే పథకంలో ఒక్కో తుంటికి 0 నుంచి 53 వరకు మార్కులు వేస్తారు, రెండూ కలిపితే గరిష్ఠం 106. మార్కులు తగ్గేకొద్దీ కీలు మంచిదని అర్థం. కుక్కకు ఏడాది నిండాకే ఈ ఎక్స్‌రే తీస్తారు. పరీక్షల ఫలితాలు చేతబట్టుకొని అడిగేవారిని కాదనే బ్రీడర్లు అరుదు. పరీక్షల ఊసే లేకుండా ఆంక్ష తీయడానికి డబ్బు మాత్రమే అడిగేవారు ఉంటే, వారికి జాతి మీద ఉన్న శ్రద్ధ ఎంతటిదో మీరే ఊహించుకోవచ్చు.

ముందు జత కట్టించి తరువాత అనుమతి అడుగుదామని మాత్రం అనుకోకండి. పిల్లలు పుట్టాక బ్రీడర్ ఒప్పుకోకపోతే ఆ ఈత మొత్తం పత్రాలు లేకుండా మిగిలిపోతుంది.

ప్రశ్న: లెస్టర్‌లో ఉంటున్నాం. మా కాకర్ స్పానియల్ మొదటిసారి ఈనింది. పిల్లలు ఈతల వ్యాపారం చేసేవారి చేతుల్లో పడకూడదని మా ఆశ. ఆంక్షలు పెట్టిస్తే సరిపోతుందా?

జవాబు: కొంతవరకే. మీ ఆంక్ష ఉన్నా ఆ కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపలేరు, క్లబ్ పత్రాలు లేకుండా వాటిని అమ్మకుండానూ ఆపలేరు. పత్రాలకు విలువనిచ్చే కొనుగోలుదారులు ఉన్నంత మేరకే అది పనిచేస్తుంది. కనుక కొనేవారిని ఇంటికి పిలిచి, తల్లితో పాటు పిల్లలను చూపించి, మాట్లాడి, నమ్మకం కుదిరితేనే ఇవ్వండి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకండి, ఇంగ్లండ్ చట్టం ప్రకారం అప్పటికి మైక్రోచిప్ కూడా వేయించి ఉండాలి.

రాతపనిలో తొందర వద్దు. ప్రతి పిల్లకూ వేరుగా ఒప్పందం రాసి, ఏయే ఆంక్షలు ఉన్నాయో, ఏ పరీక్షల తరువాత తీస్తారో స్పష్టంగా పేర్కొని, పిల్లను చేతికి ఇవ్వకముందే సంతకం తీసుకొని ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. అడ్వాన్సు తీసుకోకముందే ఈ సంగతి చెప్పడం ఇంకా న్యాయం, ఎందుకంటే పిల్లను ఒడిలో పెట్టుకున్నాక ఎవరూ కాగితం చదవరు. మీ ఆడకుక్క విషయంలోనూ క్లబ్ హద్దులు కొన్ని ఉన్నాయి: ఒకే తల్లికి 4 ఈతలకు మించి, లేదా ఈనే నాటికి 8 ఏళ్లు నిండిన తల్లికి పుట్టిన పిల్లలను సాధారణంగా రిజిస్టర్ చేయరు.