పాపా, ఆ గడి ఖాళీగానే ఉంచు

పాపా,

మన వంశవృక్షం కంప్యూటర్లో ఎక్కిస్తున్నావని మీ నాయన రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. నా తర్వాత ఈ పని పట్టుకునేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరనుకున్నాను, ఆ సంతోషంతో చాలాసేపు నిద్ర రాలేదు. తర్వాత ఇంకో మాట గుర్తొచ్చి అసలే రాలేదు. అందులో మధ్య పేరుకు ఒక గడి ఉందట, చాలామందికి ఖాళీగా ఉందట, నువ్వు ఊహించి నింపేస్తున్నావట. ఆపు తల్లీ, ముందు ఇది చదువు.

పెద్దవాళ్లను త్వరగా అడుగు, కాగితాలు ఫోటో తీసుకో, ఏ పేరు ఎక్కడ దొరికిందో పక్కనే రాసుకో. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

మధ్య పేరు సంగతే వేరు. మన వైపు ముందు ఇంటిపేరు, తర్వాత ముని అనో వెంకట అనో చెంగల్రాయ అనో ఒకటి, చివర పిలిచే పేరు. ఎప్పుడూ రాలిపోయేది ఆ నడిమి ముక్కే. నన్ను బడిలో వేసినప్పుడు పేరు మరీ పొడుగుందని అయ్యవారు 'వెంకట' తీసేశారు, మళ్లీ ఏ కాగితంలోకీ అది రాలేదు. కానీ తాత పేరు మనవళ్లకు పెట్టుకునే ఇళ్లల్లో ఒక మనిషిని ఇంకో మనిషి నుంచి వేరు చేసేది ఆ ముక్కే కదా!

నేను చేసిన తప్పు చెప్తాను విను. మా ముత్తాత సుబ్బయ్య. ఆయన పెద్దకొడుకు మా తాత, చిన్నకొడుకు మునెయ్య. మా తాత తన పెద్దకొడుక్కి మునిసుబ్బయ్య అని పెట్టాడు, ఆయనే మా పెద్దనాయన. చిన్నతాత తిరుత్తణి వైపు వెళ్లి స్థిరపడ్డాడు. 1960 దాకా అది మన చిత్తూరు జిల్లానే, ఆ తర్వాతే మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అక్కడివాళ్లు ఇంటిపేరు వదిలేసి, తండ్రి పేరులో మొదటి అక్షరం ముందు పెట్టుకుంటారు. ఇదంతా నాకు అప్పుడు తెలియదు. ఒక పాత దస్తావేజులో 'ఎం. సుబ్బయ్య' అని సంతకం కనబడింది. ఎం అంటే ముని, ఇంకేముంది అనుకుని నా పొడుగు నోటుబుక్కులో మునిసుబ్బయ్య అని పూర్తిగా రాసేశాను, పెన్నుతో.

ఆ నోటుబుక్కు చూసి పెద్ద చార్టు గీసి, జిరాక్సులు తీయించి, మీ చిన్నత్త పెళ్లిలో అందరికీ పంచాను. ఎంత గొప్పగా తిరిగానో! భోజనాలయ్యాక తిరుత్తణి అక్క కళ్లద్దాలు పెట్టుకుని, ఆ కాగితం ఒళ్లో పరుచుకుని, వేలితో ఒక్కో గీతా పట్టుకుని పైనుంచి కిందికి వచ్చింది. కుంకుమ అంటిన వేలు, కాగితమంతా ఎర్రటి చుక్కలు పడ్డాయి. "మా నాయన యాడున్నాడురా?" అంది. ఇదుగో అక్కా అని మునిసుబ్బయ్య మీద వేలు పెట్టాను. "ఈయనకు ముగ్గురు కొడుకులని రాసినావే. మా నాయనకు నేనొక్కదాన్నే కదరా."

అప్పుడు అర్థమైంది. ఆయన ఎం అంటే ముని కాదు, మునెయ్య, తండ్రి పేరు. ఇద్దరు సుబ్బయ్యలను ఒక్కడిని చేసి, ఒక మనిషిని ఆయన కూతురి కళ్ల ముందే మన వంశంలోంచి తీసేశాను. అక్క ఒక్క మాట కూడా అనలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి నా చేతికి తిరిగిచ్చి, చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. నోటుబుక్కులో ఆ రాత్రే దిద్దాను. పంచిన కాగితాలు మాత్రం ఇంకా ఎవరెవరి ఇళ్లల్లోనో ఉన్నాయి, అక్క లేదు.

అందుకని కాగితంలో 'ఎం.' అని ఉంటే 'ఎం.' అనే ఎక్కించు. నువ్వు ఊహించినదైతే చదరపు బ్రాకెట్లో పెట్టి, ఎందుకు ఊహించావో కింద రాయి. తెలియకపోతే ఆ గడిలో 'తెలియదు' అని కూడా కొట్టకు, రేపు ఎవరో అదే పేరనుకుంటారు. పుట్టిన రిజిస్టర్లో బిడ్డ పేరే లేకపోయినా కంగారు పడొద్దు. పేరు పెట్టకముందే పుట్టుక రాయిస్తారు, తర్వాత వెళ్లి చేర్పించుకోని వాళ్లు చాలామంది. పాత కాగితాలు వెతికేటప్పుడు 1911కి ముందు చిత్తూరు జిల్లా లేదని గుర్తుంచుకో, అప్పటివి ఉత్తర ఆర్కాటు పేరు మీద ఉంటాయి, మదనపల్లె వైపువైతే కడప పేరు మీద. తద్దినం పెట్టించే అయ్యవారిని కూడా అడుగు, అక్కడ మూడు తరాల పేర్లు చెప్పక తప్పదు కాబట్టి ఇంట్లో మరిచిపోయింది ఆయన దగ్గర దొరకొచ్చు.

నా భయమల్లా ఆడవాళ్ల గురించే. మా అవ్వ పుట్టింటి పేరు ఒకటి, అత్తారింట్లో పిలిచింది ఒకటి, రేషన్ కార్డులో ఇంకోటి. మూడూ రాయి, ఏదీ కొట్టేయకు. పేరు పెట్టకముందే పోయిన పసిబిడ్డలకు కూడా ఒక గీత గీయి పాపా, పేరు లేకపోయినా.

నోటుబుక్కు నా ట్రంకుపెట్టెలో ఉంది, వచ్చినప్పుడు తీసుకెళ్లు. తిరుత్తణిలో అక్క మనవడు ఉన్నాడు. నువ్వు వాళ్లింటికి వెళ్లే రోజు నన్ను కూడా పిలువు. బస్సెక్కడం కష్టంగానే ఉంది, అయినా వస్తాను. ఆ కొత్త కాగితం నా చేత్తో ఇవ్వాలి.

మీ పెద్దనాయన
తిరుపతి