కొనేవారి నోట ఉన్న మాట ఏది?

బోధన సామగ్రిని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఉపాధ్యాయుల ప్రశ్నలు, వాటికి జవాబులు

ప్రశ్న: తెనాలిలో ఇరవై రెండేళ్లుగా తెలుగు బోధిస్తున్నాను. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు నేర్చుకునే పిల్లల కోసం నేను తయారుచేసిన అభ్యాస పత్రాలను నిరుడు ఒక చిన్న వెబ్‌సైట్‌లో అమ్మకానికి పెట్టాను. ‘అక్షర తోరణం’, ‘లేఖన సోపానం’ వంటి పేర్లు పెట్టుకున్నాను. చూసినవారందరూ మెచ్చుకున్నారు గాని, తెలిసినవారు తప్ప కొన్నవారు లేరు. కీవర్డ్ పరిశోధన చేయాలని మా అబ్బాయి అంటున్నాడు. అది నాలాంటివారికి పనికివస్తుందా?

జవాబు: తప్పకుండా పనికివస్తుంది. పెద్ద దుకాణానికి పేరు ఉంటుంది, ప్రకటనలు ఉంటాయి. మీ పత్రాల దగ్గరకు కొత్తవారు రావాలంటే వారు వెతికే మాట ఒక్కటే దారి. మీరు పెట్టిన పేర్లు చక్కగా ఉన్నాయి. అయితే ఒత్తుల దగ్గర తడబడుతున్న బిడ్డను పక్కన కూర్చోబెట్టుకున్న తల్లి రాత్రి తొమ్మిది గంటలకు ఫోన్ తీసి ‘లేఖన సోపానం’ అని వెతకదు. ఆ పేరు ఉన్నట్లే ఆమెకు తెలియదు. ఆమె తన ఇబ్బందిని తన మాటలో రాస్తుంది. ఆ మాట ఏదో ఊహతో కాకుండా ఆధారంతో తెలుసుకుని, దానిని మీ సరుకుకు శీర్షికగా పెట్టడాన్నే కీవర్డ్ పరిశోధన అంటారు.

ముందుగా ఎవరు కొంటారో చూడండి, ఎందుకంటే మాట మనిషిని బట్టి మారుతుంది. ఇంగ్లీషు మీడియంలో చదువుతూ తెలుగులో వెనకబడిన పిల్లల తల్లిదండ్రులు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. హైదరాబాదులో ఇంట్లో హిందీయో తమిళమో మాట్లాడే కుటుంబాలు మరొక వర్గం. తెలంగాణలో 2018లో వచ్చిన చట్టం అన్ని బోర్డుల పాఠశాలల్లోనూ తెలుగును తప్పనిసరి చేసింది గనుక, తెలుగు లిపి చదవడం రాని తల్లిదండ్రులు కూడా తెలుగు అభ్యాస పత్రాల కోసం వెతుకుతున్నారు. విదేశాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూనే చదవడం రాని పిల్లలున్న కుటుంబాలు మూడో వర్గం. సిలికానాంధ్ర మనబడి 2007 నుంచి నడుపుతున్న తరగతుల వంటివాటికి వెళ్లే పిల్లలు వీరిలో చాలామంది ఉన్నారు. ఈ మూడు వర్గాలలో రెండు, బహుశా మూడూ, తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి వెతుకుతాయి. మీ వెబ్‌సైట్‌లో ఇంగ్లీషు లిపిలో ఒక్క అక్షరం కూడా లేకపోతే వీరికి మీరు కనబడే అవకాశం చాలా తక్కువ.

ఇక్కడ మన భాషకే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. మీరు ‘వర్ణమాల’ అన్నదానిని ఒకరు ‘అక్షరమాల’ అంటారు, మరొకరు ‘అ ఆ లు’ అంటారు, ఇంకొకరు ‘అచ్చులు హల్లులు’ అంటారు. ఒకే మాటను ఇంగ్లీషు లిపిలో రాసినప్పుడు కూడా రూపాలు మారతాయి. ‘గుణింతాలు’లోని ‘తా’ను కొందరు ‘టి’ ఒక్కదానితో, మరికొందరు ‘టి, హెచ్’ కలిపి రాస్తారు. ఒత్తులను కొందరు ‘ఓ’తో మొదలుపెడితే, వొత్తులు అని పలికేవారు ‘వి’తో మొదలుపెడతారు. గూగుల్ ఇటువంటి తేడాలను చాలావరకు సర్దుకుంటుంది గాని, అమ్మకపు వెబ్‌సైట్లలోని సొంత వెతుకుపెట్టె అంత తెలివిగా ఉంటుందని నమ్మకండి. ఎక్కువమంది వాడే రూపాన్ని శీర్షికలో ఉంచి, మిగిలిన రూపాలను వివరణలో సహజమైన వాక్యాలలో ఒక్కొక్కసారి రానివ్వండి.

ఏ రూపం ఎక్కువమంది వాడుతున్నారో తెలుసుకోవడానికి డబ్బు ఖర్చు పెట్టనక్కరలేదు. మీ పాత వెతుకులాటల ప్రభావం పడకుండా ఫోన్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి, గూగుల్‌లో ‘తెలుగు గుణింతాలు’ అని రాసి ఆపండి. కింద వరుసగా వచ్చే సూచనలు ఇతరులు నిజంగా వెతికిన మాటల నుంచి వచ్చినవే. వాటిని ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. అదే పనిని ఇంగ్లీషు లిపిలోనూ, ఆ తరువాత యూట్యూబ్‌లోనూ చేయండి, ఎందుకంటే పిల్లల చదువు విషయంలో చాలామంది తల్లులు ముందు వెళ్లేది అక్కడికే. రెండు మాటల మధ్య తేల్చుకోలేకపోతే గూగుల్ ట్రెండ్స్‌లో వాటిని పక్కపక్కన పెట్టి, ప్రాంతంగా ఒకసారి ఆంధ్రప్రదేశ్‌ను, ఒకసారి తెలంగాణను, ఒకసారి అమెరికాను ఎంచుకుని చూడండి. అందులో 0 నుంచి 100 వరకు కనిపించే అంకెలు వెతికినవారి సంఖ్య కావు, ఆ మాటకు ఉన్న ఆదరణ ఎప్పుడు ఎంతగా ఉందో పోల్చి చెప్పే కొలత మాత్రమే. చిన్న మాటలకు తగినంత సమాచారం లేదని కూడా అది చెప్పవచ్చు. అంతమాత్రాన ఆ అవసరం ఎవరికీ లేదని అనుకోకండి.

వీటన్నిటికంటే విలువైన ఆధారం మీ దగ్గరే ఉంది. తల్లిదండ్రుల సమావేశాలలో వారు అడిగిన ప్రశ్నలు, వాట్సాప్‌లో పంపిన సందేశాలు గుర్తు చేసుకోండి. ‘మా వాడు చదువుతాడు గాని రాయలేడండీ’, ‘డిక్టేషన్‌లో ఒత్తులు వదిలేస్తోంది’, ‘చేతిరాత బాగుపడాలి మేడమ్’ అని వారు అంటారే గాని, ‘లేఖన నైపుణ్యాలు’ అనే మాట వారి నోట రాదు. ఇరవై రెండేళ్లుగా వింటున్న ఆ మాటలను ముందుగా రాసుకుని, వాటినే వెతుకుపెట్టెలో పరీక్షించండి.

తరువాత శీర్షికను ‘తెలుగు గుణింతాలు వర్క్‌షీట్లు, ఒకటో తరగతి, పిడిఎఫ్’ అని సూటిగా రాసి, మీకు ఇష్టమైన పేరును దాని కింద ఉంచండి. ఫైలు పేరు, పేజీ చిరునామా, బొమ్మల వివరణ కూడా ఇదే పద్ధతిలో ఉండాలి. వెబ్‌పేజీ వెనుక కనబడకుండా కీవర్డ్‌లను నింపే పాత పద్ధతిని ఎవరైనా సూచిస్తే దానికోసం సమయం వృథా చేయకండి. అలా నింపే కీవర్డ్ ట్యాగ్‌ను తన వరుసక్రమానికి లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది.

మరొక ముఖ్యమైన సంగతి ఉంది. మీ పత్రాలను యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో తయారుచేసి ఉంటే, మన కంటికి ‘గుణింతాలు’ అని కనబడే చోట కంప్యూటర్‌కు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు మాత్రమే కనబడతాయి. ఎంత శ్రద్ధగా కీవర్డ్ ఎంచుకున్నా, అటువంటి ఫైలు లోపలి మాటలు వెతుకులాటకు అందవు. శీర్షికలను, వివరణలను తప్పనిసరిగా యూనికోడ్‌లో, అంటే తెలుగు అక్షరాన్ని కంప్యూటర్ తెలుగుగానే గుర్తించే పద్ధతిలో, టైపు చేయండి. వీలైతే కొత్త పత్రాలను మండలి, రామభద్ర వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లలోకి మార్చండి. శీర్షికను బొమ్మగా మాత్రమే పెట్టినా ఇదే నష్టం జరుగుతుంది.

ప్రశ్న: కరీంనగర్‌లో గణితం చెబుతాను. గూగుల్ కీవర్డ్ ప్లానర్‌లో ‘పదో తరగతి గణితం మోడల్ పేపర్లు’ అనే మాటకు నెలకు పది వేల నుంచి లక్ష వరకు వెతుకులాటలు ఉన్నట్లు, పోటీ తక్కువగా ఉన్నట్లు చూపింది. రెండు నెలలు శ్రమించి పది మోడల్ పేపర్లు తయారుచేసి పెట్టాను. పరీక్షలు ముగిసేనాటికి నలుగురే కొన్నారు. లెక్క ఎక్కడ తప్పింది?

జవాబు: మీ శ్రమలో లోపం లేదు గాని, ఆ పట్టికను చదవడంలో పొరపాటు జరిగింది. కీవర్డ్ ప్లానర్ ప్రకటనలు ఇచ్చేవారి కోసం తయారైన సాధనం. అందులో ‘పోటీ’ అనే గడి ఆ మాట మీద ప్రకటన ఇవ్వడానికి ఎంతమంది పోటీపడుతున్నారో చెబుతుందే తప్ప, గూగుల్ ఫలితాల మొదటి పేజీలో చోటు దొరకడం సులభమా కష్టమా అన్నది చెప్పదు. ఒక మాటను లక్షమంది వెతుకుతున్నా ప్రకటనలకు ఎవరూ డబ్బు పెట్టడం లేదంటే, ఆ వెతుకులాట కొనుగోలు దాకా రావడం లేదేమోనని ముందు అనుమానించాలి. ఆ మాటను మీరే ఒకసారి వెతికి చూస్తే కారణం తెలుస్తుంది. ఈనాడు ప్రతిభ, సాక్షి ఎడ్యుకేషన్ వంటివి మోడల్ పేపర్లను ఉచితంగానే ఇస్తున్నాయి. ఆ మాట రాసే విద్యార్థి ఉచితంగా దొరుకుతుందని తెలిసే రాస్తాడు. అతను డబ్బు ఇవ్వడం లేదని బాధపడవలసిన పని లేదు.

మీ సామగ్రికి డబ్బు ఇచ్చేవారు విద్యార్థులు కాదు, మీవంటి ఉపాధ్యాయులే. ట్యూషన్ కేంద్రం నడిపే మాస్టారికి ప్రతి శనివారం ఒక స్లిప్ టెస్ట్ పెట్టాలి. దాన్ని టైపు చేయడానికి, ముఖ్యంగా భిన్నాలు, వర్గమూలాలు, త్రికోణమితి పటాలు చేర్చడానికి, శుక్రవారం రాత్రంతా పడుతుంది. అధ్యాయాల వారీగా, కీతో సహా, తన కేంద్రం పేరు పైన వేసుకోగలిగేలా వర్డ్ ఫైలుగా ఇస్తే ఆయన సంతోషంగా కొంటారు. ‘పదో తరగతి గణితం స్లిప్ టెస్ట్, త్రికోణమితి, కీతో, వర్డ్ ఫైలు’ అనే మాటను నెలకు వందమందే వెతుకుతారు అనుకుందాం, అయినా ఆ వందమందికీ రేపటికి ఆ ఫైలు కావాలి. నా దృష్టిలో పెద్ద అంకె ఉన్న పొట్టి మాట కంటే, అవసరం స్పష్టంగా కనబడే ఇటువంటి పొడవైన మాటే మీకు మేలు చేస్తుంది. కీవర్డ్ పరిశోధనను సరుకు తయారైన తరువాత పేరు పెట్టడానికే కాక, ఏమి తయారు చేయాలో తేల్చుకోవడానికి ముందే చేయాలని నేను పట్టుబట్టేది ఇందుకే. మీరు రెండు నెలలు పెట్టిన తరువాత తెలిసిన విషయం రెండు గంటల వెతుకులాటలో తెలిసి ఉండేది.

వెబ్‌సైట్ మీ సొంతమైతే గూగుల్ సెర్చ్ కన్సోల్‌ను ఉచితంగా జోడించుకోండి. ఏ మాటకు మీ పేజీ ఎన్నిసార్లు కనబడింది, ఎందరు నొక్కారు అన్నది గత 16 నెలల వరకు అందులో ఉంటుంది. ఎక్కువసార్లు కనబడినా ఎవరూ నొక్కకపోతే శీర్షికను సరిచేయాలి. నొక్కినవారు కొనకుండా వెళుతుంటే ఒకటి రెండు నమూనా పేజీలను చూడనిచ్చి, ధరను మళ్లీ ఆలోచించాలి. మార్చిలో పబ్లిక్ పరీక్షలు గనుక పునశ్చరణ సామగ్రి డిసెంబరు నాటికి, స్లిప్ టెస్టులు జూన్ 12న బడులు తెరిచేలోపు సిద్ధంగా ఉండాలి, ఎందుకంటే కొత్త పేజీని గూగుల్ గుర్తించి ముందుకు తేవడానికి వారాలు పడుతుంది.

ప్రశ్న: ఎక్కువమంది వెతికే మాటలను, మన సరుకుకు సంబంధం లేకపోయినా, వివరణ కింద వరుసగా చేర్చితే అమ్మకాలు పెరుగుతాయని ఒకరు చెప్పారు. నెలనెలా డబ్బు కట్టి ఒక కీవర్డ్ సాధనం కూడా తీసుకోమన్నారు. (రాజమహేంద్రవరం)

జవాబు: రెండూ వద్దు. సంబంధం లేని మాటలు నింపడాన్ని గూగుల్ స్పామ్‌గా పరిగణిస్తుంది. అంతకంటే పెద్ద నష్టం, మోసపోయానని అనుకున్న ఉపాధ్యాయురాలు మళ్లీ మీ దుకాణానికి రాదు. ఇతర సంస్థల పేర్లను కీవర్డ్‌లుగా వాడుకోవడం కూడా న్యాయం కాదు. సాధనం విషయానికి వస్తే, ఉచితంగా దొరికేవాటితో కనీసం ఇరవై సరుకులకు శీర్షికలు సరిచేసి, ఫలితం చూసిన తరువాతనే ఆలోచించండి.

ప్రశ్న: హైదరాబాదులో పదేళ్లు పనిచేసి, ఇప్పుడు డాలస్ దగ్గర మూడో తరగతి పిల్లలకు గణితం చెబుతున్నాను. టీచర్స్ పే టీచర్స్‌లో దుకాణం తెరిచి ముప్పై అయిదు సరుకులు పెట్టాను. నా తోటి అమెరికన్ టీచర్లు నా పత్రాలను అడిగి మరీ తీసుకుంటారు, కాని ఆ వెబ్‌సైట్‌లో అవి ఎవరికీ కనబడడం లేదు.

జవాబు: మీరు పంపిన శీర్షికలు చదివాను. లోపల ఉన్నది టెక్సాస్ తరగతి, పైన ఉన్న మాటలు మాత్రం హైదరాబాదువి. న్యూయార్క్ ఉపాధ్యాయుడు పాల్ ఎడెల్మన్ 2006లో ప్రారంభించిన ఆ వెబ్‌సైట్, 2023లో ఐఎక్స్ఎల్ సంస్థ చేతికి వచ్చినా, ప్రధానంగా అమెరికన్ ఉపాధ్యాయులు తమలో తాము ఇచ్చిపుచ్చుకునే చోటుగానే ఉంది. అక్కడ అమెరికన్ టీచర్ల గదిలో వినబడే మాటే చెల్లుతుంది. మనం ‘స్టేట్‌మెంట్ సమ్స్’ అనేదానిని వారు ‘వర్డ్ ప్రాబ్లమ్స్’ అంటారు. మన ‘రివిజన్’ వారికి ‘రివ్యూ’, మన ‘మ్యాథ్స్’ వారికి ‘మ్యాథ్’, మన ‘క్లాస్ 3’ వారికి ‘థర్డ్ గ్రేడ్’. మీ ‘టేబుల్స్ ప్రాక్టీస్’ అనే శీర్షికను చూసి వారు బల్లలు, పట్టికలు అనుకోవచ్చు. దానిని ‘మల్టిప్లికేషన్ ఫ్యాక్ట్స్’ అని మార్చండి.

కొన్ని అవసరాలకైతే మన బడులలో మాటే లేదు. టీచరు హఠాత్తుగా సెలవు పెట్టినప్పుడు ఆ రోజుకు వచ్చే ప్రత్యామ్నాయ టీచరు కోసం సిద్ధంగా ఉంచే పనిని ‘సబ్ ప్లాన్స్’ అంటారు. తరగతి చివర ఒక్క ప్రశ్నతో పిల్లలకు పాఠం ఎంత అందిందో చూసే చీటీ ‘ఎగ్జిట్ టికెట్’. ముందస్తు సన్నాహం లేకుండా ముద్రించి వెంటనే వాడగలిగినది ‘నో ప్రెప్’. మీ ముప్పై అయిదులో కనీసం పది ఈ కోవకే చెందుతాయి, కాని ఏ శీర్షికలోనూ ఆ మాట లేదు.

రాష్ట్రం పేరు అంతకంటే ముఖ్యం. ఏ తరగతిలో ఏమి నేర్పాలో చెప్పే కామన్ కోర్ ప్రమాణాలను అమెరికాలో చాలా రాష్ట్రాలు అనుసరించినా, టెక్సాస్ వాటిని స్వీకరించలేదు. అక్కడి ప్రమాణాలు టీక్స్. టెక్సాస్ టీచరు వాటిని అంకెలతో సహా వెతుకుతుంది. 100 లోపు గుణకార భాగహారాలతో ఒకటి రెండు మెట్ల లెక్కలకు ‘3.4కె’ అనే సంకేతం ఉంది. ఆ సంకేతాన్ని శీర్షికలో ఉంచితే పోటీ ఒక్క రాష్ట్రానికి తగ్గుతుంది, పైగా ఆ ప్రమాణాన్ని రోజూ బోధిస్తున్న మీకంటే దానికి తగినవారు ఎవరుంటారు? అదే సరుకును ఇతర రాష్ట్రాలకు కూడా అమ్మదలిస్తే కామన్ కోర్ సంకేతంతో వేరుగా సరిచూసి, నిజంగా సరిపోయిన భాగాలకే ఆ పేరు పెట్టండి.

టెక్సాస్ రాష్ట్రం బడి పిల్లలకు పెట్టే ‘స్టార్’ పరీక్షల మాటను మాత్రం జాగ్రత్తగా వాడండి. మూడో తరగతి నుంచే ఆ పరీక్ష ఉంటుంది గనుక వసంతకాలంలో దానికోసం వెతుకులాట పెరుగుతుంది. అయితే 2027-28 విద్యా సంవత్సరం నుంచి దాని స్థానంలో మూడు చిన్న పరీక్షలు పెట్టేలా టెక్సాస్ 2025లో చట్టం చేసింది. అందువల్ల ఆ పేరును సరుకు లోపలి ప్రతి పేజీ మీద ముద్రించకుండా, మార్చడానికి వీలైన శీర్షికలోనూ వివరణలోనూ మాత్రమే ఉంచి, పేజీల మీద టీక్స్ సంకేతాలను వేయండి. టెక్సాస్ బడులు ఆగస్టులో తెరుస్తారు, టీచర్లు జూలైలోనే తరగతి గదికి కావలసినవి వెతకడం మొదలుపెడతారు. ముప్పై అయిదింటినీ ఒకేసారి మార్చకుండా, మీ తోటి టీచర్లు ఎక్కువగా అడిగిన అయిదింటి శీర్షికలను జూన్‌లోగా మార్చి, వాటికి వచ్చే సందర్శనలను మిగతా ముప్పైతో పోల్చి చూసుకోండి. ఆ అయిదింటిని అడిగినప్పుడు ఆ టీచర్లు ఏ మాట వాడారో వారినే అడిగి రాసుకోండి.