తాళం మార్చకండి, ముందు నోటీసు ఇవ్వండి

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. కూకట్‌పల్లిలోని మా ఫ్లాటును మా బావమరిది తన పేరుతోనే 11 నెలల అగ్రిమెంటు రాయించి, నెలకు రూ.28 వేలకు కిరాయికి ఇచ్చాడు. గడువు తీరాక కూడా కిరాయిదారు రెండేళ్లు సక్రమంగా కట్టాడు. 26 నెలలుగా పైసా లేదు. అమ్మ ఆపరేషన్ అని బతిమాలినా కనికరం లేదు. ఇంకొన్నేళ్లుంటే ఇల్లు ఆయనదే అవుతుందట. తాళం మార్చేయమని కొందరంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: కిరాయిదారీని రద్దు చేస్తూ నోటీసు ఇచ్చారా? మీ కేసు తేలేది అక్కడే. మీరు ఇవ్వలేదు. 11 నెలలు దాటాక కూడా కిరాయి తీసుకున్నారు కాబట్టి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 116 కింద నెలవారీ కిరాయిదారీ నడుస్తోంది. సెక్షన్ 106 ప్రకారం 15 రోజుల నోటీసు ఇచ్చేదాకా, బాకీ ఎంతున్నా ఆయన కిరాయిదారే. ‘ఎప్పుడు ఖాళీ చేస్తారండీ’ అన్న వాట్సాప్ మెసేజ్ నోటీసు కాదు.

ఇల్లు ఆయన సొంతమవుతుందన్న భయం వద్దు. ఇంటిని తిరిగి స్వాధీనం చేసుకునే దావాకు కిరాయిదారీ ముగిసిన రోజు నుంచి 12 ఏళ్ల గడువుంది. ముప్పల్లా బాకీకే. కిరాయి బాకీకి మూడేళ్లే గడువు, అదీ ఏ నెలకా నెల లెక్క. ఇంకో పది నెలలు కూర్చుంటే మొదటి నెల బాకీ చేజారుతుంది, ఆపైన నెలకు రూ.28 వేల చొప్పున పోతూనే ఉంటుంది.

తాళం జోలికి మాత్రం పోకండి. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు ఆయన దావా వేస్తే, ఇల్లు ఎవరిదని కూడా చూడకుండా కోర్టు ఆయన్ని తిరిగి లోపల కూర్చోబెట్టగలదు. ఆ డిక్రీ మీద అప్పీలు లేదు. కరెంటు, నీళ్లు కట్ చేయించినా కోర్టులో తలదించుకునేది మీరే.

ఇంత ఆస్తిని కాగితం ముక్క లేకుండా బావమరిదికి అప్పజెప్పడం మీ నిర్లక్ష్యం. అగ్రిమెంటులో మీ పేరే లేదు. ‘వీళ్లెవరో నాకు తెలియదు’ అని కిరాయిదారు జవాబిస్తాడు, చూడండి. అందుకే నోటీసు మీరూ బావమరిదీ కలిసి ఇవ్వాలి, దావాలోనూ ఇద్దరూ వాదులుగా ఉండాలి. మీ తరఫున ఈ కేసు నడిపే అధికారపత్రం, అంటే స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ కూడా బావమరిదికే ఇవ్వండి. ఇల్లిచ్చిందీ కిరాయి అందుకున్నదీ ఆయనే కాబట్టి సాక్ష్యం చెప్పగలిగేదీ ఆయనే. స్వయంగా తెలియని సంగతులు పవర్ హోల్డర్ చెబితే చెల్లదని జానకీ వాష్‌దేవ్ భోజ్వానీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ అధికారపత్రాన్ని భారత కాన్సులేట్ ద్వారా అటెస్ట్ చేయించి పంపండి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టాలి.

ఈలోగా కిరాయి పడిన బావమరిది బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్లు, ఒరిజినల్ అగ్రిమెంటు, మీ పేర ఉన్న ఆస్తి పన్ను రసీదులు సిద్ధం చేయండి. అగ్రిమెంటుకు స్టాంపు తక్కువైతే లోటు, పెనాల్టీ కట్టాకే కోర్టు దాన్ని చూస్తుంది. వాట్సాప్ సంభాషణకు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63(4) కింద, ఎలక్ట్రానిక్ రికార్డులకిచ్చే సర్టిఫికెట్ కావాలి. చాట్లు ఉన్న ఫోను అమ్మేయకండి.

నోటీసు అక్నాలెడ్జిమెంటుతో పోస్టులో పంపండి. ‘తీసుకోలేదు’ అని తిరిగొస్తే కవరు విప్పకుండా దాచండి. నోటీసు అందగానే కొందరు తెలివిగా ఒక నెల కిరాయి ఫోన్‌పేలో కొడతారు. నోటీసు గడువు తర్వాతి నెలలకు కిరాయిగా అది తీసుకుంటే, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 113 కింద నోటీసు వదులుకున్నట్లు వాదిస్తారు. వెంటనే వెనక్కి పంపి లాయరుతో లేఖ రాయించండి.

కిరాయి రూ.3,500 దాటింది కాబట్టి రెంట్ కంట్రోలర్ దగ్గరికి కాదు, సివిల్ కోర్టుకే వెళ్లాలి. దావా వేసిన వెంటనే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 15-ఎ కింద బాకీ, నెలనెలా కిరాయి జమ చేయించమని అర్జీ పెట్టండి. జమ చేయకపోతే కిరాయిదారు డిఫెన్సునే, అంటే ఆయన ప్రతివాదననే కోర్టు కొట్టేయవచ్చు.